కొంగు చాటు చెయ్యి

(టంగుటూరులో పొగాకు గ్రేడింగ్ కూలీలు, రైతులు, వాళ్ల కుటుంబాలతో ఒక సాయంత్రం దెబ్బ తిన్నవాళ్లు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదిచ్చే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు మాట్లాడిన మాటలు. రికార్డు చేసి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకు వినపడుతోందా? సరే. పొద్దున్నుంచీ ఆకు ఏరి ఏరి వచ్చారు, మీ చేతులు ఎంత అలిసిపోయి ఉంటాయో నాకు తెలుసు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నేను చేతులకు థెరపీ చేస్తానంటే మా వీధిలో మొదట అడిగింది ఒకటే: "ఏ నూనె వాడతావమ్మా?" ఒక పెద్దావిడైతే పనిలో పనిగా మోకాళ్లు కూడా పట్టమంది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర చేతి నొప్పికి వైద్యం అంటే మర్దనా, కాకపోతే కరెంటు పెట్టించుకోవడం. హ్యాండ్ థెరపీ అనేది ఇంకో పని. ఫిజియోథెరపీగానీ ఆక్యుపేషనల్ థెరపీగానీ చదివి, భుజం నుంచి వేలి కొస దాకా వచ్చే కష్టాల మీదే చెయ్యి తిరిగినవాళ్లు చేసేది. నూనె నేనూ అప్పుడప్పుడూ వాడతాను, కాదనను. కానీ ఈ వైద్యంలో ముప్పాతిక వంతు పేషెంటే తన ఇంట్లో చేసుకోవాలి. ఆ మాట చెప్పగానే సగం మంది మళ్లీ రారు.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్తాను. 2014లో సింగరాయకొండ దగ్గర స్కూటీ జారి, కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కట్టు విప్పితే పీడ విరగడవుతుందనుకున్నా. అసలు కథ అప్పుడు మొదలైంది. వేళ్లు వంకాయల్లా ఉబ్బాయి. చర్మం నూనె రాసినట్టు నిగనిగలాడేది. పొద్దున ఎర్రగా, సాయంత్రానికి నీలంగా ఉండేది. ఆ చేతికే చెమటలు, ఆ చేతికే చల్లదనం. ఫ్యాను గాలి తగిలితే మంట. దుప్పటి అంచు తగిలితే ప్రాణం లేచిపోయేది.

పేరున్న ఆసుపత్రికే వెళ్లాను. డాక్టరు ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి చూసి, "ఎముక చక్కగా అతుక్కుంది, నీకున్నదంతా టెన్షన్" అన్నారు. ఇంటికొస్తే మా అమ్మ, "చెయ్యి కదిలించమాకే, నరం పక్కకి పోద్ది" అంది. ఇద్దరూ నా మంచి కోరినవాళ్లే. ఒకరు నొప్పే లేదన్నారు, ఒకరు కదలొద్దన్నారు. నేనేం చేశాను? అప్పటికే చిన్నపిల్లలకు థెరపీ చేస్తున్నదాన్ని, చదువుకున్నదాన్ని. అయినా ఐదు నెలలు ఆ చెయ్యిని కొంగులో చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా తిరిగాను. పెళ్లికి పోతే ఎడమ చేత్తో అక్షింతలు వేయలేక వెనక నిలబడ్డాను.

ఇలా చెయ్యి దాచుకున్నది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు సైలాస్ వెయిర్ మిచెల్ అనే డాక్టరు, తూటా తగిలి నరం దెబ్బతిన్న సైనికుల గురించి 1864లో రాశాడు. గాయం మానిపోయినా వాళ్ల చేతుల్లో నిప్పు పెట్టినట్టు మంట. తడిగుడ్డ చుట్టుకుని ఎప్పుడూ నీళ్లు పోసుకుంటూ ఉండేవాళ్లట. అడుగు వేస్తే పుట్టే ఒరిపిడికి కూడా చెయ్యి భగ్గుమంటుందని బూట్లలో నీళ్లు పోసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, నిజంగా. 1900లో జర్మనీలో పాల్ సుడెక్ అనే సర్జన్ ఇలాంటి చేతుల్లో ఎముకలు గుల్లబారడం ఎక్స్‌రేలో చూశాడు. ఇప్పుడు వాడుతున్న పేరు 1994లో పెట్టారు: కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. నోరు తిరగదు గనక సీఆర్‌పీఎస్ అనుకుందాం. ఇది మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, కాళ్లకన్నా చేతుల్లో ఎక్కువ. మణికట్టు విరిగాక రావడం బాగా చూస్తుంటాం.

మీ అందరికీ ఉన్నది ఇదేనని చెప్పడం లేదు, భయపడకండి. మూడు నెలలు దాటిన నొప్పి ఏదైనా దీర్ఘకాలపు నొప్పి కిందికే వస్తుంది, దానికి చాలా కారణాలుంటాయి. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు నొప్పి ఎలా ఉందో వాళ్ల మాటల్లోనే చెప్పమంటాను. మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. సలుపు, పోటు, మంట, చురుకు, తిమ్మిరి, పీకడం, గుంజడం, పట్టేయడం, జివ్వుమనడం. ఇంగ్లీషు ఫారాల్లో సున్నా నుంచి పది దాకా అంకె వేయమంటారు. ఆ అంకెకన్నా ఈ మాటలే నాకు ఎక్కువ పనికొస్తాయి.

"మంట, కరెంటు కొట్టినట్టు చురుకు" అంటే నా చూపు నరం మీదికి పోతుంది. "అర్ధరాత్రి తిమ్మిరెక్కి లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తానమ్మా" అంటే మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో చూడాలి. అక్కడ ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు సందు ఉంటుంది, అందులోంచి తొమ్మిది స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లు, వాటితోపాటు ఒక నరం పోవాలి. వాపొస్తే నలిగేది నరమే. షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. రాత్రిపూట మణికట్టు వంగకుండా చిన్న పట్టీ పెట్టుకుంటే చాలామందికి నిద్రైనా పడుతుంది. "బొటనవేలు మొదట్లో పోటు, బిడ్డను ఎత్తుకుంటే ప్రాణం పోతోంది" అంటే బాలింతల దగ్గర తరచూ చూసే స్నాయువు వాపు. "పొద్దున్నే రెండు చేతుల వేళ్లూ పట్టేస్తాయి, గంటైనా వదలవు" అంటే నేను తాకను కూడా తాకను, ముందు కీళ్లవాతం డాక్టరు దగ్గరికి పంపిస్తాను. కనిగిరి వైపు నుంచి వచ్చి ఒళ్లంతా కీళ్లు బిగుసుకున్నాయంటే, ఏ బోరు నీళ్లు తాగుతున్నారని అడుగుతాను. అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, అది కీళ్లను బిగదీస్తుంది, ఆ సంగతి నేను మీకు చెప్పేదేముంది.

ఇంకో ముఖ్యమైన మాట. పుత్తూరు కట్టు కట్టించుకున్నా, ఆసుపత్రిలో పిండికట్టు వేయించుకున్నా, కట్టు లోపల నొప్పి గంటగంటకూ పెరుగుతూ, వేళ్లు నీలంగానో తెల్లగానో మారి, స్పర్శ తగ్గుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే కట్టు వదులు చేయించాలి. గంటలు గడిస్తే కండ చచ్చిపోతుంది, తర్వాత ఏ థెరపీ ఆ చెయ్యిని పూర్తిగా వెనక్కి తేలేదు. విరిగిన చేతికి గాజులు, ఉంగరం వాపు రాకముందే తీసేయాలి, సెంటిమెంటు పెట్టుకోవద్దు.

సరే, దెబ్బ మానాక కూడా నొప్పి ఎందుకు ఉంటుంది? ఇది కాస్త నిదానంగా వినండి.

నొప్పి అసలు లేకపోతే ఏమవుతుందో మనకు చూపించింది వేలూరు. నెల్లూరు నుంచి పెద్ద జబ్బులకు రైలెక్కి పోయే ఊరే. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. ఇంగ్లీషు మిషనరీల బిడ్డ, చిన్నతనం గడిచింది తమిళనాడు కొల్లి కొండల్లో. కుష్ఠు వచ్చినవాళ్ల వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. ఆయన గమనించింది వేరు: వాళ్లకు నొప్పి తెలియదు గనక పొయ్యిలో చెయ్యి కాలినా, తాళంచెవి తిప్పుతూ చర్మం చీరుకుపోయినా తెలియకుండా పనిచేస్తారు, అలా గాయం మీద గాయంతో చెయ్యి పోతుంది. ముడుచుకుపోయిన వేళ్లకు ఆయన స్నాయువులు మార్చి ఆపరేషన్లు చేస్తే, ఆ తర్వాత నెలల తరబడి ఆ చేతికి పని నేర్పింది థెరపిస్టులు.

అంటే నొప్పి మన కాపలా కుక్క. దొంగొస్తే మొరగాలి. నా చేతిలో కుక్క ఉందిగానీ, దొంగ పోయి ఐదు నెలలైనా మొరుగుతూనే ఉంది. పాలవాడొచ్చినా మొరుగుడే, ఆకు రాలినా మొరుగుడే. అది అబద్ధపు మొరుగుడు కాదు, మీకు నిజంగానే వినపడుతోంది. నొప్పి నిజం. దొంగ మాత్రం ఇప్పుడు లేడు. నరాలు, వెన్నుపాము, మెదడు కలిసి ప్రతి చిన్న తాకిడినీ ప్రమాదం లెక్కలో వేసేస్తున్నాయి. కుక్కను కొట్టినా ఆగదు, గదిలో పెట్టి తాళం వేసినా ఆగదు. అలవాటు చేయాలి, రోజూ కొంచెం.

మెదడులో చేతికి ఎంత చోటుందో చెప్తే ఆశ్చర్యపోతారు. 1930లలో మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడు మీద అక్కడక్కడా చిన్న కరెంటు తగిలించి, ఒళ్లు ఎక్కడ స్పందిస్తుందో గుర్తులు పెట్టుకున్నాడు. వీపంతటికీ ఉన్నది చిన్న చెక్క. చేతికీ పెదాలకూ ఉన్నది మాగాణి. సాగు చేయని చేను ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? గట్లు చెరిగిపోతాయి. దాచుకున్న చేతికీ అదే జరుగుతుంది. నేను కళ్లు మూసుకుంటే ఎవరో నా ఉంగరం వేలు ముట్టుకుని ఏ వేలని అడిగితే మధ్యవేలు అనేదాన్ని.

చికిత్స ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? చెన్నైలో నాకు థెరపీ చేసినావిడ మొదటి వారం నా చెయ్యి ముట్టుకోనేలేదు. ఫోనులో చేతుల ఫొటోలు చూపించి, ఇది కుడా ఎడమా చెప్పమంది. ఇంతేనా అనుకున్నా. ఎడమ చెయ్యి ఫొటో వస్తే టక్కున చెప్తున్నా, కుడి చెయ్యి వస్తే తడబడుతున్నా. అప్పుడు అర్థమైంది, నా మెదడు దగ్గరే కుడి చేతి లెక్క తప్పిందని. కొన్ని వారాలయ్యాక కదలకుండానే చెయ్యి కదిలినట్టు ఊహించుకోమంది. దాని తర్వాతే అద్దం. ఈ వరుసను ఆస్ట్రేలియాకు చెందిన లోరిమర్ మోస్లీ 2004లో సీఆర్‌పీఎస్ పేషెంట్ల మీద పరీక్షించి చూపించాడు. అద్దం ఆలోచన అంతకుముందే, 1990లలో, మన పక్క తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వీ.ఎస్. రామచంద్రన్ గారిది. చెయ్యి తీసేసినవాళ్లకు లేని చేతిలో నొప్పి వస్తుంటే, ఉన్న చెయ్యిని అద్దంలో చూపించి ఆ నొప్పిని దారికి తేవచ్చని చూశారాయన.

అద్దం పద్ధతి మీరు చూడాలి. ఇదుగో, ఇది మంగలిషాపులో ఉండేలాంటి అద్దమే, కొంచెం పెద్దది. బల్ల మీద నిలువుగా పెట్టి, నొప్పి ఉన్న చెయ్యి వెనక్కి, బాగున్న చెయ్యి ముందుకి. అద్దంలోకి చూస్తూ బాగున్న వేళ్లు నిదానంగా తెరిచి మూయాలి. చూసేవాళ్లకు నొప్పి చెయ్యే హాయిగా కదులుతున్నట్టు ఉంటుంది. ఐదు నిమిషాలు చాలు, రోజుకు నాలుగైదుసార్లు. ఇక్కడొక చిక్కుంది, పుస్తకాల్లో "నగలు తీసేయండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఒక చేతికి గాజులుండి రెండోదానికి లేకపోతే అద్దంలో చెయ్యి మనది కాదనిపిస్తుంది. మన ఆడవాళ్లు గాజులు తీయమంటే తీస్తారా? అత్తగారు ఒప్పుకుంటుందా? అందుకే నేను పొడుగు చేతుల జాకెట్టు వేసుకు రమ్మంటాను, గాజులు లోపలే ఉంటాయి, గొడవ లేదు. అద్దం అందరికీ పనిచేస్తుందని చెప్పను. కొందరికి చూడగానే కళ్లు తిరుగుతాయి, నొప్పి ఎక్కువవుతుంది. వాళ్లకు వెనక్కి పోయి ఫొటోల దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి.

తాకిడి అలవాటు చేయడం మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. దూదితో మొదలు. తర్వాత పాత నూలుచీర ముక్క, తర్వాత తువ్వాలు. నొప్పి మరీ ఉన్నచోట కాకుండా దాని అంచున మొదలుపెట్టి లోపలికి రావాలి. అది ఓర్చుకోగలిగాక ఒక గిన్నెలో బియ్యం పోసి చెయ్యి ముంచండి. మా నాయనమ్మ మొలగొలుకులు తప్ప ఇంకో బియ్యం ముట్టేది కాదు, నా చెయ్యి బాగుపడింది ఆ బియ్యంలోనే అని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. నిజానికి ఏ బియ్యమైనా ఒకటే, ఆవిడతో ఆ మాట ఎవరంటారు? కందిపప్పు, శనగలు, ఆఖర్న ఇసుక. చేసేటప్పుడు కళ్లతో చూడండి, టీవీ చూస్తూ చేస్తే సగం పనే.

బరువు కూడా పెట్టాలి. నేల మీద మోకాళ్లూనుకుని తడిగుడ్డతో ఇల్లు తుడవడం ఉంది చూశారా, అరచెయ్యి మీద ఒంటి బరువు ఆనుతుంది కదా, అది అసలైన థెరపీ. మొదటి రోజు మూడు నిమిషాలు. నీళ్ల చెంబు మోయడం, తర్వాత చిన్న బక్కెట్టు. వాపు ఉంటే చెయ్యి గుండెకన్నా పైన పెట్టి పడుకోవాలి, వేలి కొసల నుంచి మోచేతి వైపు మెల్లగా నిమరాలి. ఇలాంటి చెయ్యి మీద ఐసు గడ్డలు పెట్టకండి, మండిపోతుంది.

నేను ఎక్కువ తగువు పడేది మాత్రం మంచి రోజు గురించి. ఒక పొగాకు రైతు భార్య వచ్చేది. పది రోజులు బాగా చేసింది, నొప్పి తగ్గింది. పదకొండో రోజు తెల్లవారుజామునే లేచి పొగాకు కర్రలకు ఆకంతా తనే కట్టేసింది, ఆపైన ఇరవైమందికి వంట. మర్నాడు ఏడుస్తూ వచ్చింది, "మీ థెరపీ దండగ" అని. నొప్పి లేని రోజున బాకీలన్నీ తీర్చేయాలనిపిస్తుంది, అది మన రైతు బుద్ధి, వానొస్తే దున్నేయాలి. చేతి విషయంలో అలా కుదరదు. గడియారం పెట్టుకోండి. పది నిమిషాలకు నొప్పి మొదలవుతుందనుకుంటే ఏడు నిమిషాలకే ఆపండి, నొప్పి లేకపోయినా ఆపండి. చెయ్యి మార్చండి, ఇంకో పని చూడండి, మళ్లీ రండి. చెడ్డ రోజున కూడా పూర్తిగా మానొద్దు, సగమైనా చేయండి. ఆకు గ్రేడింగులో ఒకటే చేత్తో చిటికెలా పట్టి గంటలు గంటలు కూర్చుంటారు. కట్ట ఒడిలో పెట్టుకోకుండా చిన్న పీట మీద పెడితే మణికట్టు అంతగా వంగదు. మేస్త్రి ఒప్పుకోడంటే నాకు చెప్పండి, నేనొచ్చి మాట్లాడతాను.

నా చెయ్యి పూర్తిగా బాగైందా అని అడుగుతారు. ఏడాది పైన పట్టింది. ఇప్పటికీ చిటికెనవేలు అరచేతికి ఆనదు. వానాకాలం ముసురు పట్టినప్పుడు సలుపుతుంది. పచ్చడి జాడీ మూత మా ఆయనే తీస్తారు. కానీ చెయ్యి కొంగులోంచి బయటికొచ్చింది.

ఏమైనా అడగండి.

(ఒక మహిళ: మాత్ర వేసుకుంటే పూటలో తగ్గుద్ది గదమ్మా, ఇదంతా ఎవరు చేస్తారు?)

తగ్గుద్దమ్మా, కాదనను. ఏ మాత్ర? మందులషాపులో ఇచ్చిందా? రోజూనా? ఎన్నాళ్లుగా? ... చూశారా, రెండేళ్లు. అలాంటి నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా ఏళ్ల తరబడి వేసుకుంటే కిడ్నీలు పాడవుతాయి. బీపీ, షుగరు ఉంటే ఇంకా తొందరగా. పైగా నరాల మంటకు ఆ మాత్రలు సరిగా పనిచేయవు, దానికి వేరే మందులుంటాయి, డాక్టరు రాయాలి. మందు వద్దని నేననను. మందు వేసుకుని, నొప్పి కాస్త తగ్గిన ఆ గంటలో చేతితో పని చేయించాలి. చాలామంది ఆ గంట పడుకుంటారు. మీరు రేపే ఒకసారి కిడ్నీల రక్తపరీక్ష చేయించుకోండి.

(ఒక యువకుడు: మేడం, నేను చీమకుర్తిలో గ్రానైట్ పనికి పోతాను. డ్రిల్లు పట్టి పట్టి చలికాలం పొద్దున్నే వేళ్లు తెల్లగా అయిపోతున్నాయి.)

ఎన్నేళ్లయింది బాబూ? ఎనిమిదా. ఇది అదిరే మిషన్లు పట్టేవాళ్లకు వచ్చేదే. రక్తనాళాలు ముడుచుకుంటాయి, తర్వాత నరాలు మొద్దుబారతాయి. దీన్ని కసరత్తులతో పోగొట్టలేను, అదిరే మిషను పట్టుకునే గంటలు తగ్గాలి. పట్టు వదులుగా ఉంచు, చేతులు వెచ్చగా ఉంచుకో, పొగ తాగితే మానెయ్, పొగకు ఆ నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. పొగాకు ఊళ్లో ఈ మాట అంటున్నందుకు పెద్దలు నన్ను క్షమించాలి. డాక్టరుకు చూపించి కాగితం రాయించుకో, కంపెనీలో పని మార్చమని అడగడానికి అది కావాలి.

(ఒక పెద్దాయన: నాకు మణికట్టు విరిగి ఆరు నెలలైంది. గేదె పాలు ఎప్పుడు పిండొచ్చు?)

పెద్దాయనా, ఒకసారి చెయ్యి చూపించండి. పిడికిలి బిగించండి. బాగానే వస్తోంది. పాలు ఎలా పిండుతారు, బొటనవేలు లోపలికి మడిచా, పిడికిలితోనా? మడిచే కదూ, మన వైపు చాలామంది అంతే. అది ముందు మానాలి, బరువంతా బొటనవేలి కీలు మీద పడుతుంది. పిడికిలి నిండా పట్టుకుని పై వేలి నుంచి కింది వేలికి వరసగా నొక్కాలి. ఈ వారమంతా గోరువెచ్చటి నీళ్లలో స్పాంజి పెట్టి అలా నొక్కుతూ ఉండండి, పూటకు ఐదు నిమిషాలు. వచ్చే వారం ఒక్క చన్ను, రెండు నిమిషాలు. మిగతాది మీ ఇంటావిడ పిండుతుంది.

(పెద్దాయన: ఆమెకీ బొటనవేలు నొప్పంటమ్మా, ఆర్నెల్ల నించీ ఆమే పిండుతోంది గదా.)

(నవ్వులు)

అయితే ఆవిడ్ని కూడా తీసుకురండి. ఆ గేదెకు నాలుగు చన్నులు, మీకు చెరో రెండు పంచుతాను.